నిలబడి తినేవాళ్ళు

దుప్పటికి ఒక అంచు పెద్దకోడలి చేతుల్లో ఉంది, ఇంకో అంచు చిన్నకోడలి చేతుల్లో. మధ్యలో గది మొత్తాన్ని దుప్పటే ఆక్రమించింది. మంచం మీదున్న పెద్దకోడలి మొగుడు కాళ్ళు పైకి లాక్కుని, గాలి కొట్టినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు. ఆ ఇంట్లో దుప్పటి మడవాలంటే ఎవరో ఒకరు ముడుచుకోవాల్సిందే. గది అంతే మరి.

"గట్టిగా పట్టుకో అక్కా, నీ వైపు జారుతోంది."

"పట్టుకున్నానులే. నువ్వు గుంజకు."

ఇద్దరూ ఒకేసారి దులిపారు. దుప్పటి టప్పుమంది. ఎడమ అంచు మూడో వంతు లోపలికి వచ్చింది, కుడి అంచు దాని మీదికి వచ్చింది, ఉత్తరం మడిచినట్టు. చిన్నకోడలు రెండడుగులు ముందుకు వేసి తన కొసలు అక్క చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని వంగి అందుకుంది. ఏళ్ళ తరబడి చేస్తున్న పని. చేతుల వైపు చూడక్కర్లేదు. కబుర్లు చెప్పుకుంటూ, పోట్లాడుకుంటూ, ఒక్కోసారి ఆవలిస్తూ కూడా చేసేస్తారు.

ఈసారి మాత్రం పెద్దకోడలి చేతులు మధ్యలో ఆగిపోయాయి. చేతిలో ఉన్న మడతని తనదే కానట్టు చూసింది.

మూడు.

ఆ ఇంటి గోడబీరువాలో దుప్పట్ల అర ఎత్తు తక్కువ. నాలుగు మడతలు పెడితే లావెక్కి పై పలకకి తగులుతుంది. రెండు పెడితే వెడల్పై తలుపు పడదు. మూడు పెడితే అచ్చంగా సరిపోతుంది. ఇంటికొచ్చిన కోడళ్ళకి అత్త నేర్పిన మొదటి విద్య అది. పెద్దకోడలికి మెత్తగా నేర్పింది, చిన్నకోడలికి రెండు మొట్టికాయలతో నేర్పింది. ఊళ్ళో ఇంకెవరైనా దుప్పటిని మూడుగా మడుస్తారో లేదో పెద్దకోడలికి తెలియదు. కానీ ఇవాళ మధ్యాహ్నం లాండ్రీ ఓనరు టేబుల్ మీద, గాజు పలక కింద పెట్టినంత భద్రంగా, సరిగ్గా ఇలాంటి మడతే ఒకటి ఉంది.

"ఏమైంది? మడతలో పాము కనబడిందా?" అంది చిన్నకోడలు.

"విప్పు."

"ఎందుకు?"

"విప్పమన్నానా! షెడ్డులో మడిచినట్టు మడుద్దాం. నాలుగు."

చిన్నకోడలు అక్క మొహంలోకి చూసింది. నవ్వబోయింది, నవ్వలేదు. దుప్పటి విప్పింది.

వంతెన దాటాక ఉన్న లాండ్రీ షెడ్డులో ఇద్దరికీ పని. ఇళ్ళవాళ్ళ బట్టలు ఉతికే కొట్టు కాదది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు వ్యాన్లలో గుట్టలుగా వచ్చి వ్యాన్లలో దొంతరలుగా పోతాయి. షెడ్డు మధ్యలో ఇస్త్రీ రోలరు ఉంటుంది. పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపాలా ఉంటుంది, లోపలంతా ఆవిరి. ఇటు వైపు ఇద్దరు తడి దుప్పటి అంచు దానికి అందిస్తారు. అటు వైపు ఇద్దరు, కాలుతున్న దుప్పటిని అందుకుని మడుస్తారు. అందుకునే ఇద్దరూ ఈ తోడికోడళ్ళే.

ఒకప్పుడు రోలరు పక్కన రెండు ఎత్తు స్టూళ్ళు ఉండేవి. దుప్పట్ల బండి మార్చే లోపు వంతులేసుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు పెయింటరు వచ్చి గోడ మీద అడుగెత్తు అక్షరాలతో 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అని రాసి వెళ్ళాడు. ఆ సాయంత్రమే స్టూళ్ళు మాయమయ్యాయి.

తడి దుప్పట్లు అందించే పొడుగావిడ ఆ రాతకేసి చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళ బట్టి మనం నిలబడే తింటున్నాం కదే, మరి మన కొండేదీ?" అని అడిగింది.

"ఓనరుగారి పెరట్లో పెరుగుతోంది పిన్నీ. ఇక్కణ్ణుంచి కనబడదులే," అంది చిన్నకోడలు.

అప్పట్నుంచి షెడ్డులో ఎవరికి ఒళ్ళు నొప్పులొచ్చినా "కొండ ఎంతవరకు వచ్చింది?" అని పలకరించుకోవడం అలవాటైంది.

సూపర్‌వైజరుకి వాళ్ళు పెట్టుకున్న పేరు గడియారం. ఎవరు ఎంతసేపు బాత్రూంలో ఉన్నారో మణికట్టు చూసి చెబుతాడు కాబట్టి. రోలరు వేగం తిప్పే చక్రం అతని చేతిలో ఉంటుంది. అందరూ హుషారుగా ఉంటే వేగం పెంచుతాడు, నీరసంగా ఉంటే హుషారు రావాలని పెంచుతాడు. జీతం పెంచమని అడిగితే మాత్రం ఓనరు, "మనది కుటుంబమమ్మా, కుటుంబంలో లెక్కలేంటి?" అంటాడు. "కుటుంబమే. ఆయన ఆ కుటుంబానికి అల్లుడు. కూర్చోబెట్టి మేపాలి," అనేది చిన్నకోడలు. నిజానికి ఆ షెడ్డులో కూర్చోనిచ్చింది ఒక్క జీతాన్నే. అది కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

పోయినవారం ఒక మధ్యాహ్నం రోలరు ఉన్నట్టుండి ఆగింది.

కరెంటు పోయిందనుకున్నారు. ఎవరూ ఎవర్నీ కూర్చోమనలేదు. కానీ ఆ చప్పుడు ఆగగానే, దారం తెగినట్టు, ఎక్కడివాళ్ళు అక్కడ నేల మీద కూలబడ్డారు. అందరికంటే ముందు కూలబడింది పెద్దకోడలే. దుప్పట్ల బండికి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. కాళ్ళలో ఏదో నెమ్మదిగా కిందికి దిగిపోతున్నట్టు ఎంత హాయిగా ఉందో! పొడుగావిడ "అమ్మయ్య" అంది. షెడ్డు బయట పిచ్చుక అరవడం వినబడింది. అక్కడ పిచ్చుకలున్నాయని అప్పటిదాకా వాళ్ళకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి పెద్దకోడలికి చిన్నకోడలి చెయ్యి కనబడింది. ప్రమాదం జరిగితే తప్ప ముట్టుకోకూడని ఎర్ర బటన్ మీది నుంచి ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది. మొహంలో గోడ దూకిన పిల్లదాని నవ్వు.

అంతలో కమురు వాసన వచ్చింది. రోలరు ఆగితే దాని కింద ఉన్న గుడ్డ మాడుతుందన్న సంగతి హాయిలో ఎవరికీ గుర్తు రాలేదు. లోపలున్న రెండు దుప్పట్లు లాగి చూస్తే నడిమధ్యన గోధుమరంగు చార. అటు నుంచి గడియారం బూట్ల చప్పుడు. తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండానే ఆ రెండూ మడిచేశారు. చార లోపలికి పోయింది. దొంతర అడుక్కి తోసేశారు. కరెంటు పోయి వచ్చిందన్నారు. గడియారం నమ్మినట్టే వెళ్ళిపోయాడు.

ఇవాళ ఆ రెండూ హోటలు నుంచి తిరిగొచ్చాయి, ఒకటి విప్పి, రెండోది మడత విప్పకుండానే.

ఓనరు పెద్దకోడలిని గదిలోకి పిలిచాడు. ఆమె గుమ్మంలోనే ఆగింది. ముందు కంటబడింది మూలనున్న స్టూలు. రోలరు దగ్గరి స్టూలే, కాలికి కట్టిన తీగ కూడా అలాగే ఉంది. దాని మీద ఒక పూలకుండీ దర్జాగా కూర్చుంది.

"రామ్మా, లోపలికి రా," అన్నాడు ఓనరు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "ఇది చూశావా? మాడింది. సరే, మాడుతుంది. మెషీను. నాకు మాడినందుకు బాధ లేదు, దాచినందుకు బాధ. మనది కుటుంబం కదా."

"కరెంటు పోయిందండి ఆ రోజు."

"పోలేదమ్మా. మెకానిక్ చూశాడు. బటన్ నొక్కారు." టేబుల్ మీది మడతని వేలితో తట్టాడు. "ఇది మన మడత కాదు. మనది నాలుగు. ఇక్కడ మూడు మడిచే చేతులెవరివి?"

"హడావుడిలో ఎవరైనా మడిచుంటారండి."

"హడావుడిలోనే అసలు చేతులు బయటపడతాయి. రేపు పొద్దున పని మొదలెట్టకముందే రోలరు దగ్గరివాళ్ళు నలుగురినీ ఇక్కడ నిలబెట్టి, హడావుడి పెట్టి మడిపిస్తాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. ఓనరు చూశాడో లేదో తెలియదు. మరింత మెత్తగా అన్నాడు.

"బటన్ నొక్కింది నువ్వు కాదు. నీ సంగతి నాకు తెలుసు. కానీ ఎవరో నీకు తెలుసు. రేపు వచ్చీ రాగానే ఆ పేరు చెప్పు. ఆ ఒక్కరే పోతారు, మిగతావాళ్ళ జోలికి రాను. చెప్పకపోతే మీ నలుగురి బదులు వేరే నలుగురు వస్తారు. బయట ఎంతమంది అడుగుతున్నారో గడియ... సూపర్‌వైజరు చెబుతాడు." ఆ పేరు ఆయనకి కూడా తెలుసన్నమాట. "ఇంకోటి. కౌంటరు గదిలో అమ్మాయి మానేస్తోంది. ఆ సీటు నీకిస్తాను. వచ్చే వ్యాన్ల చీటీలు తీసుకోవడం, పోయే వ్యాన్లకి చీటీలు ఇవ్వడం. అంతే పని."

గాజు తలుపు అవతల కౌంటరు పిల్ల కూర్చుని ఉంది. చక్రాల కుర్చీ. మెత్త కూడా ఉంది. ఆ పిల్ల ఎందుకో ఒకసారి అటు తిరిగి మళ్ళీ ఇటు తిరిగింది, కాళ్ళు నేలకి తగలకుండానే.

అబద్ధమెందుకు, పెద్దకోడలు ఆశపడింది. ఎంత ఆశపడిందంటే, ఆ క్షణంలో తన కాళ్ళు తన మాట వినకుండా ఆ కుర్చీ వైపు నడిచిపోతాయేమోనని భయపడింది.

"మళ్ళీ," అంది ఇంట్లో, దుప్పటి చేతికిస్తూ.

మళ్ళీ మడిచారు. నెమ్మదిగా మడిస్తే నాలుగు బాగానే వస్తోంది. షెడ్డులో రోజంతా చేసేదే కదా. సగానికి సగం, మళ్ళీ సగానికి సగం.

"ఇప్పుడు తొందరగా. ఎవరో వస్తున్నారనుకో. తొందరగా!"

చిన్నకోడలి చేతులు గబగబా ఆడాయి. మూడు.

"మళ్ళీ!"

మూడు.

"నీ చేతులు పడిపోయాయా? నాలుగంటే ఏంటో తెలీదా నీకు?"

"నీ వైపు నుంచి కూడా మూడే వచ్చింది అక్కా," అంది చిన్నకోడలు నెమ్మదిగా.

వంటగది గుమ్మంలో ఎత్తు స్టూలు మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న అత్త కత్తి ఆపింది. ఆవిడ మోకాళ్ళు వంగవు. నేల మీద కూర్చుంటే లేవలేదు, కుర్చీలో కూర్చుంటే గట్టు అందదు. అందుకని ఆ స్టూలు ఆవిడకి సింహాసనం. ఇంకెవరైనా దాని మీద గిన్నె పెట్టినా ఊరుకోదు.

"ఎవరింటి మడతే అది? మన అరలో పడుతుందా?"

"ఇక నుంచి ఇంట్లో కూడా ఇలాగే మడవాలి అత్తా."

"ఇంట్లో కూడా గడియారమేనా!" అంది చిన్నకోడలు.

"నోరుముయ్!"

ఆ కేకకి మంచం మీదాయన కళ్ళు తెరిచాడు. పెద్దకోడలు దుప్పటి ఆయన కాళ్ళ మీద పడేసి, వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది, కట్టేసింది. గిన్నె తీసింది, అది కడిగిందేనని చూసి మళ్ళీ పెట్టింది. వాకిట్లోకి వెళ్ళింది, ఎందుకొచ్చిందో మరిచిపోయి లోపలికొచ్చింది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? వచ్చి కాసేపు కూర్చోవచ్చుగా," అన్నాడు మొగుడు.

"కూర్చో కూర్చో అని నన్నెవరూ అనకండి!"

తరిగిన ముక్కలు గిన్నెలో పడుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం గానీ, ఓనరు మీద కోపానికి ఇంటిల్లిపాదీ దుత్తలు కావడం ఆ ఇంట్లో కొత్తేం కాదు.

పెద్దకోడలు బక్కెట్టు తీసుకుని పెరట్లోకి పోయింది. వెనకే చిన్నకోడలు వచ్చింది. ఆరేసిన బట్టలు ఇంకా నాలుగున్నాయి తీగ మీద. వాటి క్లిప్పులు తీస్తూ, "ఏం జరిగింది?" అంది.

పెద్దకోడలు చెప్పింది. దుప్పట్లు తిరిగి రావడం, మెకానిక్కు మాట, రేపు మడిపించడం. పేరు చెప్పమన్నాడని కూడా చెప్పింది. చెప్పి బక్కెట్టులోకి చూస్తూ నిలబడింది.

"ఇంకా?"

"ఇంకేముంది? అంతే."

"కుర్చీ సంగతి చెప్పలేదేం?"

పెద్దకోడలి మొహంలోకి నెత్తురు పొంగుకొచ్చింది. "ఎవరు చెప్పారు నీకు?"

"కౌంటరు పిల్ల. గాజు తలుపేస్తే మాట వినబడదనుకుంటాడు ఆయన. సాయంత్రం నన్ను ఆపి మరీ చెప్పింది. నువ్వేమన్నావో కూడా చెప్పింది."

"ఏమన్నాను?"

"ఏమీ అనలేదంట. కుర్చీకేసి చూశావంట."

పక్కింట్లో ఎవరో గిన్నె కింద పడేశారు. అది దొర్లుతూ దొర్లుతూ ఆగింది.

"చూశాను," అంది పెద్దకోడలు. "చూస్తే తప్పా? నిన్నెవరు నొక్కమన్నారే ఆ బటన్? ఉన్న నొప్పులు చాలవని నెత్తి మీదికి ఇది తెచ్చావు. పొడుగావిడకి ఇంటద్దె కట్టేవాళ్ళు లేరు. ఆవిడతో దుప్పట్లు అందించే ఆమె కడుపుతో ఉంది. నీకు ఆటగా ఉందా?"

"ఆట కాదు. నీ కాళ్ళు చూశాను."

"నా కాళ్ళకేమైంది?"

"అద్దంలో మొహం చూసుకుంటావు గానీ కాళ్ళు చూసుకోవుగా. ఆ రోజు చెప్పు పట్టక వెనక పట్టీ బ్లేడుతో కోసేశావు. ఎవరూ చూడలేదనుకున్నావు. రోలరు ముందు నిలబడి ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకుంటున్నావు, కొంగలాగా. నాకు ఒళ్ళు మండింది. నొక్కేశాను." తీసిన తువ్వాలు భుజాన వేసుకుంది. "అయినా అంతా నీ కోసమేనని పెద్ద కబుర్లెందుకులే. నాకూ కూర్చోవాలనిపించింది. కూర్చుంటే బాగుందా లేదా, అది చెప్పు."

పెద్దకోడలు కిందపడ్డ క్లిప్పు ఏరి డబ్బాలో వేసింది.

"నువ్వే ముందు కూర్చున్నావు అక్కా. నేను చూశాను."

"దుప్పట్లు మాడతాయని తెలీదా మరి?"

"నీకు తెలుసుగా. నీకు గుర్తొచ్చిందా?"

అదీ నిజమే. పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగి క్లిప్పుల డబ్బా మూత పెట్టింది.

"నా పేరు చెప్పేయ్," అంది చిన్నకోడలు. "నువ్వు చెప్పకపోతే నేనే చెప్పుకుంటా. కానీ నేను చెప్పుకుంటే నీకు కుర్చీ రాదు. నువ్వు చెబితే వస్తుంది. నష్టం ఎలాగూ నాదే, లాభమైనా ఇంటికి రానీ."

బేరం ఆడినంత మామూలుగా చెప్పి, బట్టలు చంకన పెట్టుకుని లోపలికి పోయింది.

అన్నాల దగ్గర అత్త తన తీర్పు చెప్పింది. పెరట్లో మాట్లాడుకుంటే వంటగదికి వినబడదని కోడళ్ళెన్నేళ్ళకీ నేర్చుకోలేదు.

"పెద్దదాని కాళ్ళు చూస్తే నాకే భయమేస్తోంది. కుర్చీ ఇస్తానంటే వద్దనుకోవడమెందుకు? చిన్నది వయసులో ఉంది, ఎక్కడైనా చేరుతుంది. ఇద్దరి పనీ పోతే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి అందరం. చిన్నోడు లారీ ఎక్కి పోయాడు, ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. వీడి భుజం సంగతి సరేసరి."

"అత్త చెప్పింది బాగుంది," అంది చిన్నకోడలు నోటినిండా ముద్దతో.

"నీకు మొట్టికాయలు చాల్లేదే. బటన్లు నొక్కుతుందంట బటన్లు," అంది అత్త, కూర ఇంకొంచెం వడ్డిస్తూ.

పెద్దకోడలు మొగుడి వైపు చూసింది. ఆయన ఒకప్పుడు గోదాముల్లో మూటలు మోసేవాడు. భుజం జారాక మూట ఎత్తలేడు. మాట కూడా పెద్దగా ఎత్తడు. ఎడమ చేత్తో కలుపుకుంటూ, కంచంలోకే చూస్తూ అన్నాడు.

"నాకు భుజం పోయినప్పుడు మా మేస్త్రీ కూడా అదే అన్నాడు. వీడొక్కడే పోతాడు, మిగతావాళ్ళ జోలికి రానని. మావాళ్ళు సరే అన్నారు. నేను వాళ్ళని తప్పుపట్టలేదు." ఇంకో ముద్ద తిన్నాడు. "ఆ తర్వాత ఒక్కొక్కడే పోయారు. ఎప్పుడూ ఒక్కడే."

"ఇప్పుడేమంటావు? చెప్పొద్దంటావా?" అంది పెద్దకోడలు.

"నేనేమీ అనను. నిలబడేది నువ్వు."

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. అటు దొర్లితే కుర్చీ, ఇటు దొర్లితే చిన్నకోడలి చెయ్యి. అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో ఆమె. పేరు చెబితే కాళ్ళకి సుఖం. కానీ ఆ కాళ్ళతో ఈ ఇంట్లోకే కదా తిరిగి రావాలి. చెప్పకపోతే నలుగురి పనీ పోతుంది. లేదా మడత దొరికిపోయి తామిద్దరి పనీ పోతుంది. ఎటు తిప్పినా ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. మనిషి కూర్చోవాలంటే ఇంకో మనిషి పేరు చెప్పాలా? పొద్దస్తమానం నిలబడ్డవాళ్ళు నిమిషం కూర్చోవడం దొంగతనం ఎప్పుడయింది? ఆ స్టూళ్ళు ఉన్నంతకాలం ఎవరూ ఏ బటనూ నొక్కలేదే?

తెల్లారేసరికి చిన్నకోడలు అప్పటికే లేచి, పక్క దుప్పటి పట్టుకుని సిద్ధంగా ఉంది.

"రా అక్కా. ఒక్కసారి. తొందరపెట్టు."

పెద్దకోడలు రెండో అంచు పట్టుకుంది. "ఊఁ, తొందరగా. వస్తున్నాడు!"

సగానికి సగం. మళ్ళీ సగానికి సగం. చిన్నకోడలు మూడడుగుల్లో వచ్చి అంచు చేతికిచ్చింది. నాలుగు. అంచులన్నీ కత్తితో కోసినట్టున్నాయి.

"వచ్చేసింది!" చిన్నకోడలు ఎగిరినంత పని చేసింది. "తెల్లవారుజాము నుంచి తలగడ గలీబులతో సాధన చేశాను. ఇక మనం దొరకం అక్కా. నువ్వు పేరు చెప్పినా చెప్పకపోయినా మడత మనది కాదు. ఆయన ఎవరిని పట్టుకుంటాడో పట్టుకోనీ."

ఎవరిని పట్టుకుంటాడు? రోలరు దగ్గర ఉండేది నలుగురే. తామిద్దరి మడత సరిపోతే మిగిలేది తడి దుప్పట్లు అందించే ఇద్దరే. వాళ్ళకి మడవడం అలవాటే లేదు. ఓనరు ఎదురుగా నిలబెట్టి తొందరపెడితే పొడుగావిడ తడబడి మూడు వచ్చినా రావచ్చు, అయిదు వచ్చినా రావచ్చు. ఆయనకి కావలసింది కూడా బహుశా అంతే. ఒక్కరు. ఎవరైనా ఒక్కరు.

పెద్దకోడలు చేతిలోని మడతకేసి చూసింది. ఎంత బాగా కుదిరిందో! దాన్ని ఒక్క విదిలింపుతో విప్పేసింది.

"అయ్యో, ఎందుకు విప్పావు?"

"పట్టుకో. ఇంటి మడత."

"ఇప్పుడు ఇలా మడిస్తే చెయ్యి మళ్ళీ దానికే పోతుంది అక్కా. అక్కడ ఆయన ముందు కూడా మూడే వస్తుంది."

"రానీ."

చిన్నకోడలు వచ్చి తన చోట నిలబడింది. అంచు పట్టుకుంది. ఎడమ మూడో వంతు లోపలికి, కుడి దాని మీదికి. ఉత్తరం మడిచినట్టు. పెద్దకోడలు దాన్ని తీసుకెళ్ళి గోడబీరువా అరలో పెట్టింది. అచ్చంగా సరిపోయింది. తలుపు వేసింది.

తల దువ్వుకుంది. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది. పట్టీ కోసిన చెప్పులు వేసుకుంది. ఈ పనులన్నీ చేస్తున్నంతసేపూ చిన్నకోడలు వెనకే తిరుగుతూ, "అక్కా, ఏం చేయబోతున్నావు? పేరు చెబుతావా? చెప్పవా? ఏదో ఒకటి అనవే," అంటూనే ఉంది. అనేకొద్దీ పెద్దకోడలి మొహం తేటపడుతోంది తప్ప జవాబు రావడం లేదు. నిన్నటి నుంచి ఆగని కాళ్ళు ఇప్పుడు తిన్నగా వంటగది గుమ్మం దాకా నడిచి అక్కడ ఆగాయి.

అత్త తన స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటోంది. కోడలు తన ఎదురుగా నిలబడి, తన మొహం వైపు కాకుండా స్టూలు కాళ్ళ వైపు చూడటం గమనించి గ్లాసు కిందికి దించింది.

"ఏంటే?"

పెద్దకోడలు వంగి స్టూలు అంచు మీద చెయ్యి వేసింది.

ముసలావిడ ఆ చేతికేసి చూసింది. తర్వాత ఆ కాళ్ళకేసి, వాపెక్కి పట్టీ లేని చెప్పుల్లో పొంగిన పాదాలకేసి చూసింది. రాత్రి తను చెప్పిన తీర్పు గుర్తొచ్చిందో ఏమో, ఏదో అనబోయి టీ గుటక వేసింది.

"మీ షెడ్డులో ఇంత ఎత్తుది పనికొస్తుందా?" అని అడిగింది చివరికి.

చిన్నకోడలికి అప్పుడు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పేరు చెప్పకుండా, ఆయన గోడ మీద రాయించిన రాత కింద దీన్నేసుకుని కూర్చుంటావా?" అంది. మంచం మీది నుంచి మొగుడు లేచి కూర్చున్నాడు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అంది అత్త, ఎవరినీ కాకుండా. గట్టు పట్టుకుని, మోకాళ్ళు టకటకమంటుంటే, లేచి నిలబడింది. "సాయంత్రానికి తిరిగి తెచ్చెయ్. కాలికి దెబ్బ తగిలిందా, ఊరుకోను. ఓనరుకి కూడా చెప్పు, ఇది నాదని."

పెద్దకోడలు స్టూలు ఎత్తుకుంది. బరువైన పాతకాలపు చెక్క. గుమ్మంలో దాని కాలు ఒకటి ద్వారబంధానికి తగిలి ఆగింది. కాస్త వెనక్కి జరిగి, ఏటవాలుగా తిప్పి, బిడ్డని ఎత్తుకున్నట్టు నడుం మీద సర్దుకుంది. చిన్నకోడలు చెప్పుల కోసం మంచం కింద తడుముకుంటూ "ఆగవే, నేనూ వస్తున్నా," అని అరుస్తూనే ఉంది. పెద్దకోడలు వెనక్కి తిరగకుండా గడప దాటి వీధిలోకి దిగిపోయింది.